రెండు తెల్ల రాళ్లు

కిందటి వారం కథ ఆపేసి మిమ్మల్ని సెవియాలో బస్సు మెట్ల మీదే నిలబెట్టేసి వెళ్లిపోయాను. అక్కణ్నుంచి కదిలే ముందు ఒక్కసారి తలలు లెక్కపెట్టుకుంటాను. ఇరవై ఆరేళ్లుగా గైడు పని చేస్తున్నదాన్ని, లెక్క చూసుకోకుండా అడుగు వెయ్యడం నా వల్ల కాదు.

స్పెయిన్ ఉత్తరాన ఉన్న లియోన్ నుంచి వచ్చిన తొమ్మిదిమంది పింఛనుదార్లు. వాళ్లలో మీకు గుర్తుండాల్సింది ఇద్దరే. రొట్టెల బట్టీ నడిపి నడిపి విసుగొచ్చి మానేసిన ఎలాదియో, ఆయన భార్య ఒబ్దూలియా. పదో మనిషి వాళ్ల ఊరిదీ కాదు, వాళ్ల ఈడుదీ కాదు. పేరు నియెవెస్ లూకె, ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆఖరి నిమిషంలో సీటు తీసుకుని వెనక వరసలో కూర్చుంది. లూకె నా ఇంటిపేరు కూడా. కాని మా వైపు ఆ ఇంటిపేరు వీధికి నలుగురికి ఉంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఫొటోలు తియ్యదు, ఏమీ అడగదు. సెవియా కోటలో నేను మాట్లాడుతుంటే మాత్రం ఆ పిల్ల పెదవులు నాతోపాటు కదిలాయి. ఒక్కోచోట నాకంటే ముందే కదిలాయి. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. మా నాన్న నోట్లోంచి నా నోట్లోకి వచ్చినవి.

మా నాన్న అసిస్‌క్లో లూకె కూడా గైడే. నాకు పదకొండేళ్లప్పుడు యాత్రికుల్ని బస్సెక్కించుకుని గ్రనాదా వెళ్లాడు. బస్సు తిరిగొచ్చింది, ఆయన రాలేదు. అమ్మ ఆయన కోటు తీసి పక్కింటాయనకి ఇచ్చేసి, చనిపోయాడని వీధి వీధంతా చెప్పింది. నన్నూ అలాగే చెప్పమంది. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పాక అది దాదాపు నిజమైపోయింది. దాదాపు అని ఎందుకంటున్నానంటే, ఒకవేళ బతికుంటే అడుగుదామని ఒక్క ప్రశ్న మాత్రం దాచుకున్నాను. మమ్మల్ని ఎందుకు వదిలేశావు? అంతే. అమ్మ ఇప్పటికీ సాన్ లొరెంసో పేటలో ఉంది. పొద్దున్నే పొడుగాటి కర్రకి కట్టిన డబ్బాతో గోడ మీది పూలకుండీలకి నీళ్లు పోస్తుంది. నాన్న పేరెత్తితే ఆ డబ్బా ఒకసారి గోడకి గట్టిగా తగులుతుంది, అంతకు మించి జవాబు రాదు.

సరే, పదండి. మా ఊరు కోర్దొబా చేరాం.

మార్చి నెల ఆఖరు. మా ఊళ్లో ఆ రోజులు మనుషులవి కావు, నారింజ పూలవి. బస్సు తలుపు తీయగానే వాసన లోపలికి వచ్చి ఒక్కొక్కరి పక్కన కూర్చుంటుంది. నది ఒడ్డు నుంచి మసీదు దాకా నడిచే పది నిమిషాల్లో నా తొమ్మిదిమందీ మాటలు తగ్గించేశారు. ఒబ్దూలియా చెయ్యి ఎలాదియో చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. పెళ్లై నలభై ఏడేళ్లట. బస్సులో పొద్దున్నంతా కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకున్న వాళ్లు.

మసీదులో గైడు గొంతు ఎత్తకూడదు. నా మెడలో చిన్న మైకు, వాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను గుసగుసగా చెబుతాను, వాళ్లు ఎక్కడున్నా వింటారు. ఈ పద్ధతి వచ్చాక నా పని నాకే కొత్తగా తోస్తుంది. స్తంభాల మధ్య ఒకరు అటు, ఒకరు ఇటు విడిపోతారు. చీకటీ వెలుగూ ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా నిలబడిన ఆ చోట, పై కమానుల ఎరుపూ తెలుపూ ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ఆగాయో తెలియదు. అందరి చెవుల్లోనూ నేనే ఉంటాను. ఎవరూ నా వైపు చూడరు. నిద్రలో నడిచేవాళ్లకి కల చెబుతున్నట్టు ఉంటుంది.

ఎలాదియో ఒక్కడే మధ్యలో నా దగ్గరకొచ్చి, స్తంభాలెన్నో మాత్రం చెప్పొద్దమ్మాయ్, అంకెలు వింటే నాకు తెల్లవారుజామున బట్టీ ముందు నిలబడినట్టు ఉంటుంది అని బతిమాలుకున్నాడు. చెప్పనని మాటిచ్చాను.

మసీదుని ఆఖరిసారి పెంచి కట్టిన భాగం దాకా వెళ్లాం. అక్కడి కమానుల్లో ఎరుపు చాలాచోట్ల ఇటుక కాదు, రాతి మీద పూసిన రంగు. చెప్పాల్సింది చెప్పేసి, పావుగంట సేపు మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి, తర్వాతి రాజులు ఈ మసీదు మధ్యలోనే కట్టిన కేథడ్రల్ ఉంది, తప్పిపోతే అక్కడ కలుసుకుందాం అన్నాను. అందరూ కదిలారు. నియెవెస్ కదల్లేదు. ఒక కమాను కింద నిలబడి పైకి చూస్తోంది. నేను ఏళ్ల తరబడి తలెత్తి చూడకుండా దాటేసే కమాను అది.

"రెండు తెల్ల రాళ్లు చూపించరా?" అంది.

మీకు ఇక్కడొక సంగతి చెప్పాలి. మా నాన్నకో పద్ధతి ఉండేది. నువ్వు చెప్పే వంద నిజాల మధ్య నీ సొంత అబద్ధం ఒకటి పెట్టుకో అనేవాడు. నిజాలు అందరివీ, ఎవడైనా చెప్పుకుంటాడు. అబద్ధం నీ ఒక్కదానిదే. అది ఇంకో గైడు నోట్లోంచి వినపడిందనుకో, నీ మాటలు దొంగిలించాడని తెలిసిపోతుంది. నాకూ ఒకటుంది, ఎక్కడ పెట్టానో మీక్కూడా చెప్పను. నాన్న అబద్ధం ఈ కమానులో ఉంది. ఒక ఎర్రరాయి, ఒక తెల్లరాయి చొప్పున పేర్చిన ఆ కమాను మొదట్లో ఎర్రరాయికి రంగు వెలిసిపోయి రెండు తెల్ల రాళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. నిజం అంతే. నాన్న దానికో మేస్త్రిని పుట్టించాడు, అతనికో కథ పుట్టించాడు. బడిలేని ఆదివారాలు నన్ను వెంట తీసుకొచ్చేవాడు, ఆ రోజుల్లోనే ఆ కథ చెప్పేవాడు. ఆయన వెళ్లాక ఈ కథ నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. మా ఊళ్లో మిగతా గైడులెవరికీ తెలియదు.

అందుకని ఆ పిల్లను అడిగాను, ఈ రాళ్ల సంగతి నీకెవరు చెప్పారని.

"మా నాన్న."

"మీ నాన్నెవరు?"

నియెవెస్ నా మొహంలోకి చూసింది. ఆ కళ్ల కింది మడత నాకు తెలుసు. రోజూ అద్దంలో చూసుకునేదే.

"మీ నాన్నే," అంది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దానికంటే ముందు అసూయ వచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. బతికున్నాడా అని కాదు నేను మొదట అనుకున్నది. నా కథ ఈమెకి కూడా చెప్పాడా అని. నలభై తొమ్మిదేళ్ల ఆడదాన్ని, ఆ స్తంభం పక్కన పదకొండేళ్ల పిల్లలా పెదవి బిగించుకుని నిలబడ్డాను.

ఆ పిల్ల తొందరపడకుండా చెప్పుకొచ్చింది. గ్రనాదాలో రెయాలెహో పేటలో వాళ్లిల్లు. వాళ్లమ్మ దారాలూ గుండీలూ అమ్మే కొట్టు నడిపేదట, రెండు చలికాలాల కింద పోయింది. నాన్నకి మూడేళ్లుగా మతి తప్పుతోంది. పేర్లు పోయాయి, పక్కవీధి పోయింది, చెంచా ఎందుకో మర్చిపోయాడు. పోనిది ఒక్కటే, గైడు పని. పొద్దున్నే టై కట్టుకుని నడవలో నిలబడతాడు. కోట్లు తగిలించే కొయ్య ఆయనకి స్తంభం. గోడకి కోర్దొబా చూపిస్తాడు. గ్రనాదా కాదు, ఎప్పుడూ కోర్దొబాయే. ఈ కమాను దాకా తడుముకోకుండా వస్తాడు. రెండు తెల్ల రాళ్లు చూపించి, మేస్త్రి ఇలా ఎందుకు చేశాడో తెలుసా అని అడిగి ఆగిపోతాడు.

ఆగిపోయి ఎదురుచూస్తాడట. గంట, రెండు గంటలు, కాళ్లు వాచేదాకా. కూర్చోమంటే కూర్చోడు, అన్నం పెడితే తినడు. వాళ్లమ్మ బతికుండగా కూడా అడిగి చూసింది, ఆ తర్వాత ఏం వస్తుందని. ఆవిడకీ తెలియదు.

"అన్ని జవాబులూ చెప్పి చూశాను," అంది నియెవెస్. "రాయి అయిపోయిందన్నాను, భూకంపం వచ్చిందన్నాను, ఎవరో పిల్లని ప్రేమించాడన్నాను. కాదని తలూపుతాడు, మళ్లీ ఎదురుచూస్తాడు. ఈ నెలలో నాలుగు కిలోలు తగ్గాడు."

"ఎవర్ని అడుగుతాడు? నిన్నా?"

"కాదు. ఎడమ పక్కకి చూస్తాడు, కిందకి. ఇదిగో, ఇంత ఎత్తులో. అక్కడెవరో నిలబడ్డట్టు."

తన నడుం దగ్గర గాల్లో చెయ్యి పెట్టి చూపించింది. నేను స్తంభాన్ని పట్టుకున్నాను. చల్లగా ఉంది, ఎండాకాలంలో కూడా అవి చల్లగానే ఉంటాయి. పదకొండేళ్లప్పుడు నేను వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లని. ఆ ప్రశ్న యాత్రికులకి కాదు, నాకు. కథ తెగనివ్వకుండా వెంటనే జవాబు చెప్పాలి, ఆయనకి అలా ఇష్టం. నేను చెప్పగానే ముసలమ్మలు నా బుగ్గ గిల్లేవాళ్లు, ఆయన చెయ్యి నా నెత్తిన పడేది, అందరం తర్వాతి కమానుకి కదిలేవాళ్లం. ఆ కథలో ఆ ఒక్క వాక్యం నాది. ఆయన దాన్ని ఎప్పుడూ తన నోటితో చెప్పలేదు.

నియెవెస్ అడిగింది అదే. మీరు ఆయన్ని చూడక్కర్లేదు, క్షమించక్కర్లేదు, ఆ జవాబు నాకు చెప్పండి, నేను తీసుకెళ్లి ఆయనకి చెప్పుకుంటాను అంది. చేతులు రెండూ ముందుకి పట్టింది, వాటిలో ఏదో పొయ్యమన్నట్టు.

"ఇవ్వను," అన్నాను.

చెప్పిన తర్వాత నా గొంతు నాకే వినిపించింది. మెల్లగానే అన్నాను, మసీదులో గట్టిగా అనడం నాకు రాదు. ఇంకా అన్నాను. ఆయన మా ఇంట్లోంచి అన్నీ తీసుకుపోయాడు, వీధిలో మా తలెత్తే హక్కు కూడా తీసుకుపోయాడు, మర్చిపోయి వదిలేసింది ఆ ఒక్క మాట. అది నాది. నువ్వు ముప్పై నాలుగేళ్లు ఆయన్తో కలిసి తిన్నావు, నేను ఆ మాటతోనే సరిపెట్టుకున్నాను అన్నాను.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నీకు నాన్న దొరికాడు, అంతే."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల వంచుకుని, ఆయన్ని తీసుకొచ్చానని చెప్పింది. వాళ్లాయన పొద్దున్నే కారులో తీసుకొచ్చి బయట నారింజ చెట్ల కింద కూర్చోబెట్టాడట. అసలు స్తంభాలు దగ్గర్లో ఉంటే జవాబు తనంతట తనకే గుర్తొస్తుందేమోనని ఆశ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు అంది.

పావుగంట దాటిపోయింది. నేను నా మనుషుల కోసం వెతికాను. కేథడ్రల్ ముందు ఎవరూ లేరు. స్తంభాల వరసలు ఒకదాని వెనక ఒకటి ఖాళీగా ఉన్నాయి. తొమ్మిది తలల్లో ఒక్కటి కనపడలేదు. అలవాటుగా మెడ దగ్గరకి చెయ్యి పోయింది, మైకు మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది.

మా పనిలో మొదటిరోజు నేర్పే పాఠం ఇది. తుమ్మాలన్నా, తిట్టాలన్నా, పక్కకి వెళ్లాలన్నా ముందు మైకు ఆపు. మరో గైడు ఇది మర్చిపోయి తన అత్తగారి గురించి బస్సంతా వినేలా మాట్లాడిందని నవ్విన దాన్ని నేను. ఇప్పుడు మా నాన్న, నా అసూయ, నా "ఇవ్వను", అన్నీ తొమ్మిదిమంది చెవుల్లోకి నేరుగా వెళ్లిపోయాయి. స్తంభాల మధ్య కలలో నడుస్తూ వాళ్లు విన్న చివరి కథ నాదే.

బయటికి పరిగెత్తాను. నియెవెస్ నా వెనకే వచ్చింది.

చీకట్లోంచి మసీదు ముంగిట్లోని నారింజ తోటలోకి వచ్చేసరికి కాసేపు ఏమీ కనిపించదు, వాసన ఒక్కటే. తర్వాత నీళ్లు కనిపిస్తాయి. చెట్టు నుంచి చెట్టుకి రాతి కాలవల్లో సన్నగా పారుతుంటాయి, పూరేకులు వాటి మీద తేలుతుంటాయి. ఆ తర్వాత మనుషులు. నా తొమ్మిదిమందీ ఒక చెట్టు కింద అర్ధచంద్రంగా నిలబడ్డారు. ఎలాదియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాళ్ల మధ్య ఒక ముసలాయన, చిన్నగా ఉన్నాడు, టై కట్టుకున్నాడు. నాకు గుర్తున్న మనిషి గుమ్మం పైకమ్మికి తల తగిలేంత పొడుగు. ఇంత చిన్నవాడి మీద ముప్పై ఎనిమిదేళ్లు కోపం మోశానా అనిపించింది.

గొంతు మాత్రం అదే. ఆ గొంతు గోడల్ని చూపిస్తోంది, చెట్ల కొమ్మలు చూపించి కమానులంటోంది. ఎవరూ కాదనలేదు. ఒబ్దూలియా ఆయన వేలు ఎటు తిరిగితే అటు భక్తిగా తల తిప్పుతోంది. ఆయన తడుముకోలేదు, ఒక్క మాట జారలేదు. చెయ్యెత్తి రెండు తెల్ల రాళ్లు చూపించాడు, అక్కడ నారింజ పూలు తప్ప ఏమీ లేవు.

"మేస్త్రి ఇలా ఎందుకు చేశాడో తెలుసా?" అన్నాడు.

ఆగాడు. ఎడమ పక్కకి చూశాడు, కిందకి.

తొమ్మిది తలలూ మెల్లగా నా వైపు తిరిగాయి. రమ్మని ఎవరూ సైగ చెయ్యలేదు. ఎలాదియో టోపీ అంచు తిప్పుకుంటూ నేలకేసి చూశాడు. నాకు దగ్గరికి వెళ్లాలని లేదు, వెళ్లిపోవాలనీ లేదు. ఇరవై అడుగుల దూరంలో నా కాళ్లు ఆగిపోయాయి. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఎంతసేపైనా చూసేట్టున్నాడు. ఆ చూపులో కంగారు లేదు, పిల్ల ఇప్పుడే చెబుతుందన్న నమ్మకం ఉంది. నన్ను వదిలేసి వెళ్లిన మనిషి, తన పక్కన నేను ఇంకా నిలబడే ఉన్నానని నమ్ముతున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపం అక్కడే ఉంది, రెండూ కలిసే ఉన్నాయి.

అప్పుడు ఒబ్దూలియా తన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసింది. గౌను అంచుతో తుడిచింది. మనవడికి టోపీ పెట్టినంత మామూలుగా ఆయన తల కాస్త వంచి, చెవిలో పెట్టింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

నేను మైకు నోటి దగ్గరకి తెచ్చుకున్నాను.

"ఆ రోజు మేస్త్రికి కూతురు పుట్టింది," అన్నాను. "కబురు విని సంతోషంలో ఎర్రరాయి పెట్టడం మర్చిపోయాడు."

గుసగుసే. చెట్ల మీది పిచ్చుకలు కూడా వినలేదు. ఆయన నా వైపు తిరగలేదు. ఎడమ పక్కన ఖాళీగా ఉన్న గాలిని చూసి నవ్వాడు. చెయ్యి మెల్లగా కిందకి దించి, ఎవరి నెత్తినో పెట్టినట్టు ఒక్క క్షణం ఉంచాడు. తర్వాత, మూడేళ్లలో మొదటిసారి, అడుగు ముందుకి వేశాడు.

రండి, మెట్టు ఉంది చూసుకోండి అంటూ బయల్దేరాడు. మెట్టు లేదు. తొమ్మిదిమందీ లేని మెట్టు జాగ్రత్తగా దాటి ఆయన వెంట నడిచారు. నియెవెస్ కాలవ గట్టు మీద కూర్చుని మొహం రెండు చేతుల్లో దాచుకుంది. నాకు మొదటిసారి ఆ పిల్ల మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వేశాను.

నాలుగు చెట్లు దాటాక ఆయన మళ్లీ ఆగాడు. ఈసారి కమాను లేదు, కథ లేదు. ఎడమ పక్కకి వంగి, యాత్రికులకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఒక్కదానివే వచ్చావేంటమ్మా? తమ్ముణ్ణి తీసుకురాలేదా?"

అమ్మకి నేనొక్కదాన్నే. మా ఇంట్లో ఇంకో మంచం లేదు, ఇంకో పలక లేదు, గోడ మీద ఇంకో పిల్లవాడి ఫొటో ఎప్పుడూ లేదు. పాపం, మతి తప్పిన మాట అనుకున్నాను. ఆ మాటే నియెవెస్ అంటుందని చూశాను. ఆ పిల్ల చేతులు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి, కాని వాటిలో ఆశ్చర్యం లేదు, ఆ తమ్ముడి సంగతి ముందే తెలిసినట్టు.

"ఆయన్ని అడిగి లాభం లేదక్కా," అంది. "మీ అమ్మని అడుగు."